రాసిన చేతికి తిరిగి రాని రికార్డు

మన్యం దవాఖానాల్లో ఆన్‌లైన్ రికార్డులు సరిగా నడవడం లేదని ఎవరన్నా, పైనుంచి వచ్చే సమాధానం ఒకటే. సాఫ్ట్‌వేర్ బాగుంది, ట్యాబులు ఇచ్చాం, టవర్లు వేస్తున్నాం, కింది సిబ్బందికే చేతకావడం లేదు. ఏఎన్‌ఎంలకు కంప్యూటరంటే భయం, ఆశాలకు చదువు తక్కువ, హెల్త్ అసిస్టెంట్లు పాత రిజిస్టర్లు వదలరు. ఇంకో శిక్షణ పెట్టి, రివ్యూ మీటింగులో ఇంకాస్త గట్టిగా అడిగితే దారికొస్తారు. ఈ మాట అధికారుల నోటనే కాదు, ప్రజారోగ్యం గురించి మంచి మనసుతో రాసేవాళ్ళ వ్యాసాల్లోనూ ఉంటుంది. వాళ్ళు కొంచెం మెత్తగా ‘సామర్థ్యం పెంచాలి’ అంటారు. తప్పు ఎవరి మీద మోపుతున్నారో మాత్రం మారదు.

ఈ వాదన మొదలే తప్పని నేనంటాను. తెలంగాణ మన్యంలోని చర్ల లాంటి చోట ఆన్‌లైన్ రికార్డు ఓడిపోతున్నది రాసే మనిషి వల్ల కాదు. రాసిన మనిషికీ రాయించుకున్న రోగికీ అది ఏమీ తిరిగి ఇవ్వకపోవడం వల్ల. వైద్య రికార్డు అని పేరు పెట్టి మనం వాళ్ళ చేతికిచ్చింది పైవాళ్ళకు లెక్కలు పంపే సాధనం. లెక్కలు పంపడం తప్పు కాదు. దాన్నే వైద్యం అనుకోమనడం తప్పు.

చేతకానితనం సంగతి ముందు తేల్చుకుందాం. ఏఎన్‌ఎం చేతిలో యంత్రం పెట్టడం నిన్నా మొన్నటి ముచ్చట కాదు. ఉమ్మడి రాష్ట్రంలో నల్లగొండ జిల్లా ఏఎన్‌ఎంలకు అరచేతిలో ఇమిడే కంప్యూటర్లు ఇచ్చి చూసి దాదాపు పాతికేళ్ళయింది. 2000 చివర్లో చిత్తూరు జిల్లా కుప్పంలో, దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష పాలన పోయాక పుట్టిన డీహెచ్‌ఐఎస్ సాఫ్ట్‌వేర్‌ను ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు తెచ్చే పని మొదలైంది. 2008లో ఆరోగ్య లెక్కల హెచ్‌ఎంఐఎస్ పోర్టల్ వచ్చింది. 2009లో తల్లీబిడ్డల జాడ తీసే ఎంసీటీఎస్, ఆ తర్వాత దాని స్థానంలో ఆర్‌సీహెచ్ పోర్టల్. 2016 ఏప్రిల్‌లో, దేశంలోనే మొదటగా, యూనిసెఫ్ సాయంతో అన్‌మోల్ యాప్ ఎక్కించిన ట్యాబులు అందుకున్నది ఆంధ్రప్రదేశ్ ఏఎన్‌ఎంలే. ప్రతిసారీ శిక్షణ ఉంది, మాన్యువల్ ఉంది, మాస్టర్ ట్రైనర్ ఉన్నాడు. పాతికేళ్ళ తర్వాత కూడా జబ్బు ‘శిక్షణ చాలకపోవడమే’ అని చీటీ రాస్తున్నామంటే, రోగిని ఒక్కసారి కూడా సరిగా చూడలేదన్నమాట.

ఆ చేతులకు ఏం వచ్చో 2021లో దేశమంతా చూసింది. జనవరి 16న కోవిడ్ టీకా మొదలైనప్పుడు కోవిన్ పోర్టల్‌లో పేర్లు ఎక్కించింది, ఓటీపీలు చదివించింది, బ్యాచ్ నంబర్లు కొట్టింది ఈ ఏఎన్‌ఎంలూ ఈ ఆశాలే. ఎక్కించిన వెంటనే మనిషి చేతికి ఒక సర్టిఫికెట్ వచ్చింది. అది బస్సులో, ఆఫీసులో, ప్రయాణంలో పనికొచ్చింది. అందుకే జనం తమంతట తామే ఫోను నంబరు ఇచ్చారు, పేరు తప్పు పడితే వెంటపడి దిద్దించుకున్నారు. రాయించుకున్నవాడికి ఏదో ఒకటి దక్కేసరికి ‘చేతకాని’ సిబ్బంది చేతుల మీదుగానే అంత పెద్ద రికార్డు తయారైంది.

నైపుణ్యమే అసలు సమస్య అనేవాళ్ళు అమెరికా సంగతి కూడా చెప్పాలి. 2009లో హైటెక్ చట్టం చేసి, వేల కోట్ల డాలర్లు పోసి, ఆ దేశం దాదాపు తన ఆసుపత్రులన్నిటినీ ఎలక్ట్రానిక్ రికార్డుల మీదికి తెచ్చుకుంది. అక్కడ డాక్టర్లకు చదువు తక్కువా? కరెంటు పోతుందా? నెట్ ఆగుతుందా? 2016లో ‘అనల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్’లో అచ్చయిన ఒక పరిశీలన 57 మంది వైద్యుల పని గంటలను పక్కన నిలబడి కొలిచింది. రోగి ముఖం చూసే ప్రతి గంటకూ దాదాపు రెండు గంటలు కంప్యూటరుకూ బల్ల పనికీ పోతున్నాయని తేలింది. ఆ డాక్టర్లను ఎవరూ మార్పుకు అడ్డుపడే మూర్ఖులని అనలేదు. సాఫ్ట్‌వేర్ బిల్లుల కోసం, పర్యవేక్షణ కోసం తయారైంది, వైద్యం కోసం కాదు అన్నారు. అదే రోగం చర్లలో కనిపిస్తే మాత్రం ఏఎన్‌ఎం చదువు గుర్తొస్తుంది.

ఇక చర్లకు వద్దాం. ఒక పక్క గోదావరి, ఇంకో పక్క ఛత్తీస్‌గఢ్ అడవి. భద్రాచలం అరవై కిలోమీటర్ల దూరం. పెదమిడిసిలేరు దగ్గర తాలిపేరు ప్రాజెక్టు దాటి లోపలికి పోతే కోయ ఊళ్ళు, ఆ ఊళ్ళ వెనక అడవిలో గుత్తికోయల గుంపులు. రాష్ట్రంలో మలేరియా అనగానే ముందు వినిపించే పేర్లలో చర్ల, దుమ్ముగూడెం ఉంటాయి. కాబట్టి మలేరియా ఉదాహరణతోనే మాట్లాడతాను. వైద్య రికార్డు అంటే ఏమిటో ఇంతకన్నా తేటగా చూపే జబ్బు లేదు.

వానాకాలంలో ఫీవర్ సర్వేకు వెళ్ళిన హెల్త్ అసిస్టెంట్ ఒక జ్వరపు మనిషి వేలు గుచ్చి మలేరియా తేల్చే ఆర్‌డీటీ కిట్ మీద రక్తం చుక్క వేస్తాడు. ఫాల్సిపారమ్ అయితే మూడు రోజుల ఏసీటీ మాత్రలు, రెండో రోజు ఒకేసారి ప్రైమాక్విన్. వైవాక్స్ అయితే మూడు రోజుల క్లోరోక్విన్, పద్నాలుగు రోజుల ప్రైమాక్విన్. ఈ పద్నాలుగు రోజుల దగ్గరే కథంతా ఉంది. మూడో రోజుకు జ్వరం దిగుతుంది. జ్వరం దిగిన మనిషి పోడుకు పోతాడు, వెదురుకు పోతాడు, సరిహద్దు అవతల చుట్టాల ఇంటికి పోతాడు. మింగని మాత్రలు చూరులో ఉండిపోతాయి. కాలేయంలో దాగిన వైవాక్స్ క్రిమి వారాలకో నెలలకో మళ్ళీ లేస్తుంది. అప్పుడది కొత్త కేసుగా లెక్కకెక్కుతుంది.

ఈ మనిషికి కావలసిన రికార్డు ఏది? నాలుగో రోజు, ఏడో రోజు, పద్నాలుగో రోజు పొద్దున్నే హెల్త్ అసిస్టెంటుకు ‘ఈ గూడెంలో ఈ ముగ్గురికి మందు మిగిలి ఉంది, పోయి చూడు’ అని చెప్పేది. ఆయన సెలవు మీద పోతే ఆ సంగతి ఆయన బదులు వచ్చినవాడికి చెప్పేది. మరి పైకి పోతున్నదేమిటి? పేరు, వయసు, ఊరు, ఫలితం, మందు మొదలు పెట్టిన తేదీ. అది జిల్లాలో ఒక గ్రాఫు అవుతుంది, రాష్ట్రంలో ఒక రంగు అవుతుంది. పద్నాలుగో మాత్ర మింగాడా లేదా అన్నది ఆశా జ్ఞాపకంలో ఉంటుంది, లేకపోతే ఎక్కడా ఉండదు.

మలేరియాతోనే ఇంకో మెట్టు పైకెక్కుదాం. గర్భిణికి ప్రైమాక్విన్ ఇవ్వకూడదు. జీ6పీడీ లోపం ఉన్నవాళ్ళకు ఇస్తే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి, ఆ లోపం గిరిజన సమూహాల్లో ఉంది. సికిల్‌సెల్ ఉన్న తల్లికి మలేరియా వస్తే అది మామూలు మలేరియా కాదు. ఇప్పుడు ఒక కోయ తల్లిని ఊహించండి. ఆమె గర్భం సంగతి ఆర్‌సీహెచ్ పోర్టల్‌లో ఉంది. జ్వరం సంగతి మలేరియా ఫారంలోనూ, 2021 నుంచి దేశమంతా నడుస్తున్న జబ్బుల నిఘా పోర్టల్ ఐహెచ్‌ఐపీలోనూ ఉంది. 2023 జూలై 1న మొదలైన జాతీయ సికిల్‌సెల్ మిషన్ కింద పరీక్ష జరిగితే ఆ ఫలితం ఇంకో పోర్టల్‌లో ఉంది. ఇంట్లో ఎవరికైనా టీబీ ఉంటే అది నిక్షయ్‌లో. ఆమె తిండి సంగతి అంగన్‌వాడీ టీచరు ఫోనులోని పోషణ్ ట్రాకర్‌లో. ఒకే తల్లి గురించి ఇన్ని చోట్ల రాశారు, మందు బిళ్ళ ఆమె చేతిలో పెట్టే క్షణాన వీటిలో ఒక్కటీ ‘ఆగు, ఈమె గర్భిణి’ అని చెప్పదు. చెప్పేది ఎవరు? ఆ ఊరి ఏఎన్‌ఎం. ఆమెకు తెలుసు కాబట్టి, ఆమె సంచిలో ఒక చేతి పుస్తకం ఉంది కాబట్టి.

ఏ శిక్షణలోనూ చెప్పని, ఏ తనిఖీలోనూ మార్కులు పడని ఆ పుస్తకంలో ఊరి వారీగా ఇళ్ళు ఉంటాయి. నెలలు నిండుతున్నవాళ్ళ పేర్ల పక్కన గీత ఉంటుంది. కిందటి కాన్పులో రక్తం పోయినామె పేరు కింద రెండు గీతలు ఉంటాయి. పోర్టల్ అడగని సంగతులు ఉంటాయి: మొగుడు తాగి కొడతాడు, అత్త దవాఖానాకు పంపదు, బండి ఆ ఊరి దాకా రాదు, వాగు దాకా మోసుకురావాలి. చర్లలో నిజంగా పనిచేస్తున్న వైద్య రికార్డు అదే. దాన్ని వదలనందుకు ఆమెను పాతకాలపు మనిషి అంటున్నాం. అది వదిలేస్తే పోయే ప్రాణాలు ఎవరివో ఆమెకు పేర్లతో సహా తెలుసు.

‘కాగితం తగ్గుతుంది, పని తేలికవుతుంది’ అన్నది రెండో మాట. తగ్గలేదు. ట్యాబ్ వచ్చాక ఆర్‌సీహెచ్ రిజిస్టర్ పోలేదు, తల్లి చేతిలోని కార్డు పోలేదు, ఓపీ రిజిస్టర్ పోలేదు. పోకూడదు కూడా, ఎందుకంటే తనిఖీకి వచ్చినవాళ్ళు చూసేది సంతకం ఉన్న కాగితాన్నే. కాన్పయిన తల్లులకు డబ్బిచ్చే కేసీఆర్ కిట్ 2017 జూన్‌లో వచ్చినప్పుడు దానికి మళ్ళీ వేరే పోర్టల్ వచ్చింది. ముప్పై ఏళ్ళు నిండినవాళ్ళందరికీ బీపీ, షుగరు చూసే కార్యక్రమానికి ఎన్‌సీడీ యాప్ వచ్చింది. 2022 మార్చిలో ములుగు, రాజన్న సిరిసిల్ల జిల్లాల్లో ఇల్లిల్లూ తిరిగి రక్తం తీసి ఈ-హెల్త్ ప్రొఫైల్ రాశారు. 2024 అక్టోబరులో ఫ్యామిలీ డిజిటల్ కార్డు పేరుతో అవే ఇంటి వివరాల కోసం నియోజకవర్గానికి రెండు చోట్ల పైలట్ సర్వే మొదలైంది. ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి. ఏదొచ్చినా పాతది ఆపమని ఉత్తర్వు రాదు.

గిరిజన ప్రాంతంలో ఒక సబ్‌సెంటరుకు మూడు వేల జనాభా చాలన్నారు, మైదానంలో అది ఐదు వేలు. ఎందుకు తగ్గించారు? నడక ఎక్కువ కాబట్టి. ఆ నిబంధన రాసినవాళ్ళకు కాలినడకకు పట్టే సమయం తెలుసు. ఆ మిగిలిన సమయాన్నే ఇప్పుడు ఎంట్రీలు మింగేస్తున్నాయి. పగలు గూడెం తిరిగి వచ్చి, సిగ్నల్ దొరికే చోట కూచొని, సర్వర్ ఎప్పుడు అందుకుంటే అప్పుడు కొట్టడం ఏఎన్‌ఎం రాత్రి డ్యూటీ అయింది. ఆ డ్యూటీ ఏ రోస్టరులోనూ లేదు. తన పిల్లలకు అన్నం పెట్టే వేళ అది.

అడిగే ప్రశ్నలైనా ఊరికి తగ్గట్టు ఉన్నాయా? ఎన్‌సీడీ పరీక్షకు ముందు ఆశా నింపే సీబీఏసీ ఫారంలో ‘వారానికి కనీసం 150 నిమిషాల శారీరక శ్రమ చేస్తారా’ అని ఒక ప్రశ్న ఉంది. పొద్దున నీళ్ళు మోసి, పోడులో కలుపు తీసి, కట్టెలు నెత్తిన పెట్టుకొని వచ్చిన కోయ స్త్రీని ఈ ప్రశ్న అడగాలి. ఆమె నడుము చుట్టుకొలత తీయాలి. ఆ ఫారం పట్టణానికి మంచిదే. చర్లలో ఆ స్త్రీకి ముందు చూడాల్సింది రక్తం ఎంత ఉంది, కిందటి నెల జ్వరం వచ్చిందా, ఇంట్లో ఎవరికైనా దగ్గు ఉందా అన్నవి. అడిగే మనిషికి ఆ సంగతి తెలుసు. తెలిసి కూడా గడులు ఉన్న వరుసలోనే అడగాలి.

ఇంకో వాదన కొంచెం బలమైనది. దానికి గౌరవంగానే జవాబు చెప్పాలి. ‘కాగితం మీద దొంగలెక్కలు రాసేవారు. లేని తల్లులకు టీకాలు, వెళ్ళని ఊళ్ళకు విజిట్లు. ఆన్‌లైన్ దాన్ని అరికట్టింది’ అంటారు. కాగితం మీద అబద్ధాలు ఉండేవన్నది నిజం. నేను కాగితానికి పూజ చేయడం లేదు. కానీ అబద్ధం ఎక్కడ పుడుతుందో చూడండి. నింపకపోతే ముందుకు కదలని గడి అబద్ధాన్ని పుట్టిస్తుంది. ఫోను నంబరు తప్పనిసరి అంటే, ఫోను లేని ఇంటికి ఆశా తన నంబరో, తన మొగుడి నంబరో ఇస్తుంది. అప్పుడు పది ఇళ్ళ ఓటీపీలు ఒక ఫోనుకే వస్తాయి, పది మంది తల్లులకు పంపిన మెసేజీలు ఒకరికే చేరతాయి. పుట్టిన తేదీ తప్పనిసరి అంటే ఊరి సగం మంది జనవరి 1న పుడతారు. బీపీ మిషను పాడైనా బీపీ గడి ఖాళీగా ఉండకూడదంటే 120/80 పడుతుంది. ‘కొలవలేకపోయాను, మిషను లేదు’ అని రాసే గడి ఒకటి ఉంటే, జిల్లా అధికారికి ఆ ఒక్క మాటే వంద గ్రాఫుల కన్నా ఎక్కువ పనికొచ్చేది. రివ్యూలో ‘పెండింగ్ ఎంత’ అని అడిగినంతకాలం వచ్చేది సున్నా పెండింగే. అది నిజం కాదని అడిగేవాళ్ళకూ తెలుసు, చెప్పేవాళ్ళకూ తెలుసు. ఈ అబద్ధానికి శిక్ష పడేది మాత్రం కాంట్రాక్టు మీద ఉన్న సెకండ్ ఏఎన్‌ఎంకే.

నెట్‌వర్క్ వస్తే అంతా సర్దుకుంటుందన్న ఆశ ఉంది. మావోయిస్టు ప్రభావిత ప్రాంతాల్లోని 2,343 టవర్లను 2జీ నుంచి 4జీకి మార్చడానికి కేంద్ర మంత్రివర్గం 2022 ఏప్రిల్‌లో ఆమోదం తెలిపింది. రావాలి, మంచిదే. కానీ అదే ఏడాది జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు లేచింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులు. రోడ్లు మునిగాయి, కరెంటు పోయింది. గోదావరి ఏజెన్సీలో వరద రాకముందే నెలలు నిండిన గర్భిణులను భద్రాచలం ఆసుపత్రికి చేర్చడం ఏటా చేసే పని. ఆ పని చేయడానికి ఊళ్ళ వారీగా, కాన్పు తేదీల వారీగా ఒక జాబితా చేతిలో ఉండాలి. చీకటి పడ్డాక, నెట్ లేని చోట, వానలో తెరిచి చూసుకునేలా ఉండాలి. రోజూ నెట్ ఉండే చోట పనిచేసి, గోదావరి పొంగిన రోజు మూసుకుపోయే రికార్డు ఈ నేలకు పనికిరాదు. ఈ దేశంలో నెట్ లేకుండా నడిచే యాప్ చేయడం ఎవరికీ రాక కాదు. ఆ అవసరాన్ని మొదటి షరతుగా ఎవరూ పెట్టలేదు.

అసలు ఈ జాబితాల్లోకే రానివాళ్ళ గురించి ఎవరూ మాట్లాడరు. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక బస్తర్ నుంచి ప్రాణాలు అరచేత పట్టుకొని వచ్చి చర్ల, దుమ్ముగూడెం అడవుల్లో తలదాచుకున్న గుత్తికోయల ఆవాసాలు రెవెన్యూ గ్రామాలు కావు. పోర్టల్‌లో గ్రామం ఎంచుకోమంటే వాళ్ళ ఊరు కనపడదు, పక్క ఊరి పేరు కింద ఎక్కించాలి. చాలామందికి ఆధార్ లేదు, ఉన్నా దానికి ఫోను లేదు. ఛత్తీస్‌గఢ్‌లోని పామేడు వైపు నుంచి చర్ల సంతకు వచ్చి, జ్వరానికి ఇక్కడే సూది వేయించుకొని పోయేవాళ్ళకు రాష్ట్రమే వేరు. వైద్యం విషయంలో ఇక్కడి సిబ్బంది సరిహద్దు చూడరు. సూది వేస్తారు, మందిస్తారు, కాన్పు చేస్తారు. ఆ పనంతా చేసినట్టు ఎక్కించడానికి మాత్రం వాళ్ళకు చోటు దొరకదు. చేసిన పనికి లెక్క లేదు, లెక్క లేదు కాబట్టి మందుల ఇండెంటులో వాళ్ళ వాటా లేదు.

పద్నాలుగు అంకెల ఆరోగ్య ఖాతా నంబరు అభా ఈ ముక్కలన్నిటినీ ఒక్కటి చేస్తుందంటున్నారు. 2021 సెప్టెంబరు 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతటికీ ప్రకటించినప్పుడు చెప్పిన ఉద్దేశం మంచిది. కానీ కింద ఏఎన్‌ఎంను అడుగుతున్నది ‘ఎన్ని అభాలు తీశావు’ అని. ‘అభా వల్ల ఏ రోగి పాత రిపోర్టు నీకు కనపడింది’ అని అడగడం లేదు. ఇంకో భయం కూడా ఉంది, దాన్ని పైకి అనడానికి సిబ్బంది సంకోచిస్తారు. రెండు తుపాకుల మధ్య ఏళ్ళకేళ్ళు బతికిన మనుషులకు ఇంటింటి జాబితా అంటే భయం. పేరు, ఫోను, ఇంట్లో ఎవరెవరు ఉన్నారు అని ట్యాబ్ తెరిచి అడిగితే వాళ్ళు నోరు విప్పరు. ఏఎన్‌ఎం మీది నమ్మకంతో చెప్పిన మాట ఎక్కడికి పోతుందో ఆమెకే తెలియదు. వాళ్ళు అడిగితే ఆమె ఏం చెప్పాలి? ఈ ప్రశ్నకు జవాబు తయారు చేయకుండా సిబ్బందికి డిజిటల్ అవగాహన లేదనడం అన్యాయం.

ఇంత చెప్పాక ‘అయితే కంప్యూటర్ వద్దంటావా’ అని అడుగుతారు. వద్దనను. ఇంతకన్నా పేద చోట్ల ఇది పనిచేసింది, ఎందుకు పనిచేసిందో కూడా తెలుసు. 2001లో కెన్యాలోని మొసోరియట్ అనే గ్రామీణ ఆరోగ్య కేంద్రంలో ఇండియానా, మోయి విశ్వవిద్యాలయాల వైద్యులు ఒక చిన్న రికార్డు వ్యవస్థ పెట్టారు. దాని మీద 2003లో వచ్చిన అధ్యయనం, రోగి దవాఖానాలో గడిపే సమయం 22 శాతం తగ్గిందని చెప్పింది. క్లినిక్‌లో జరిగే పనికి తగ్గట్టు కట్టారు, క్లినిక్ నెలవారీ నివేదికలు దానంతట అవే తయారయ్యాయి. దాని అడుగుజాడల్లోనే 2004లో ఓపెన్‌ఎంఆర్‌ఎస్ పుట్టింది. ఆ ఓపెన్‌ఎంఆర్‌ఎస్ మీద కట్టిన బాహ్మ్ని వ్యవస్థ మొదట నిలబడింది మనకు పొరుగున, ఛత్తీస్‌గఢ్‌లో. బిలాస్‌పూర్ దగ్గర గనియారిలో గిరిజనులకూ పేదలకూ వైద్యం చేసే జన్ స్వాస్థ్య సహయోగ్ ఆసుపత్రిలో. డాక్టరు పక్కన కూచొని, ఆయన రోగిని చూసే తీరు గమనించి కట్టారు కాబట్టి అది డాక్టరుకు పనికొచ్చింది. బీపీ రోగుల కోసం మన దేశంలోనే వాడిన సింపుల్ యాప్ నెట్ లేకపోయినా నడుస్తుంది, రోగి చేతిలో క్యూఆర్ కోడ్ ఉన్న చిన్న కార్డు ఉంటుంది, అడిగే గడులు కొన్నే. అన్నిటికన్నా ముఖ్యం, మందుకు రావలసిన రోజున రానివాళ్ళ జాబితా అది నర్సు ముందు పెడుతుంది. పోయి పిలుచుకురమ్మంటుంది. ఆ నర్సును ఎంట్రీ చేయమని ఎవరూ బెదిరించనక్కర్లేదు.

మన దగ్గర కూడా ఇలాంటి సాక్ష్యం ఉంది. కేసీఆర్ కిట్‌లో ఆడపిల్ల పుడితే 13,000, మగపిల్లాడైతే 12,000 రూపాయలు విడతలుగా తల్లి ఖాతాలో పడాలంటే చెకప్‌ల ఎంట్రీ పడాల్సి వచ్చేది. తల్లులే వచ్చి ‘సిస్టరమ్మా, నా పేరెక్కిందా’ అని అడిగారు. డబ్బు ఆలస్యమైనప్పుడు తిట్లు తిన్నదీ ఆ సిస్టరమ్మే. ఎంట్రీ వల్ల తల్లికి ఏమైనా దక్కేటట్టయితే ఎంట్రీ నిజమవుతుందని ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

మనుషుల సంగతి కూడా లెక్కలోకి రావాలి. 2023లో తెలంగాణలో ఆశాకు నెలకు 9,750 రూపాయల పారితోషికం ఉండేది. 18,000 స్థిర వేతనం కోసం ఆ ఏడాది సెప్టెంబరులో, అక్టోబరులో వాళ్ళు రోడ్డెక్కారు. ఆ ఆగస్టులోనే సెకండ్ ఏఎన్‌ఎంలు రెగ్యులర్ చేయమని సమ్మె చేశారు. ఈ పోర్టళ్ళన్నిటి పునాది వీళ్ళ వేళ్ళ మీద ఉంది. సాఫ్ట్‌వేర్ ఖర్చు ప్రతిపాదనలో సర్వరుకు గీత ఉంటుంది, లైసెన్సుకు ఉంటుంది, శిక్షణకు ఉంటుంది. రోజుకు రెండు గంటలు రాసే స్త్రీ సమయానికి గీత ఉండదు. ఆమె సమయం ఉచితం అనుకున్నంతకాలం కొత్త గడి కలపడానికి ఎవరికీ చేయి వెనకాడదు. మన్యంలో ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికీ ఎంట్రీకే ఒక మనిషి ఉండాలి, ఏఎన్‌ఎం మందు సంచి పట్టుకొని తిరగాలి.

నా డిమాండ్లు పెద్దవి కావు. కొత్త పోర్టల్ తెచ్చే ప్రతి ఉత్తర్వులోనే ఏ రిజిస్టర్ ఆపాలో, ఏ పాత పోర్టల్ మూయాలో రాయాలి. రాయలేకపోతే ఆ పోర్టల్ తేకూడదు. గర్భిణి అన్న సంగతీ, సికిల్‌సెల్ సంగతీ, టీబీ సంగతీ మలేరియా మందు ఇచ్చే మనిషికి ఒక తెర మీద, నెట్ లేకుండా కనపడాలి. ‘కొలవలేదు’, ‘తెలియదు’, ‘ఫోను లేదు’ అన్నవి తప్పుగా కాక జవాబుగా తీసుకోవాలి. ఊరు లేని మనుషులకు, ఆధార్ లేని మనుషులకు, పక్క రాష్ట్రపు మనుషులకు మందిచ్చినా లెక్కలోకి రావాలి, ఆ లెక్క ఆరోగ్య శాఖ దాటి ఇంకే శాఖకూ పోదని రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. రివ్యూ మీటింగులో పెండింగ్ ఎంతని అడిగే ముందు, పోయిన వారం ఈ ట్యాబ్ నీకు ఏ రోగి గురించి ఏం చెప్పిందని ఏఎన్‌ఎంను అడగాలి, ఆమె చెప్పింది రాసుకోవాలి. ఇక సాఫ్ట్‌వేర్ బాగుందో లేదో తేల్చే పరీక్షను హైదరాబాదు సమావేశ మందిరంలో కాకుండా జూలైలో, వాన పడుతుండగా, పెదమిడిసిలేరు దాటి లోపలి గూడెంలో ఆ ఏఎన్‌ఎం చేత చేయించాలి. ఆమె పాసయిందంటేనే దానికి బిల్లు చెల్లించాలి.